పాలీహౌస్ సంగతి తర్వాత, ఒక విడత నారు పోతే తినేదెలా?

ప్రశ్న: చేవెళ్ల దగ్గర అరెకరం కౌలుకు తీసుకుని కూరగాయల నారు పెంచి అమ్ముతున్నాను. కొంత నారు ఎత్తు చేసిన మడుల్లో, మిగతాది షేడ్‌నెట్ (నీడ వల) కింద ప్రోట్రేలలో, అంటే గుంతలుండే ప్లాస్టిక్ ట్రేలలో. ఒక్కో విడతకు పెట్టుబడి 30 వేలు. అన్నీ పోను నెలకు 35 వేలు వస్తోంది, ఇంటి ఖర్చు 25 వేలు. పాలీహౌస్ (ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి) కడదామని బంగారం పెట్టి 4 లక్షలు, తెలిసినాయన దగ్గర నూటికి 3 రూపాయల వడ్డీకి 2 లక్షలు తేవాలనుకుంటున్నాను. సబ్సిడీ రాగానే తీర్చేస్తాను. చేతిలో 40 వేలున్నాయి. తేవచ్చా? - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. మీలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

నూటికి 3 రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 2 లక్షలకు నెలకు 6 వేలు. బంగారం మీద 10 శాతమే అనుకున్నా మరో 3,300. మీకు మిగిలే 10 వేలలో 9,300 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. సబ్సిడీ అంటారా, ముందు మీరు కట్టాలి, అధికారులు వచ్చి చూడాలి, ఆ తర్వాత మాట. పైగా కౌలు నేల! రేపు యజమాని ఖాళీ చేయమంటే ఆ ఇనుప పైపులు ఎక్కడికి మోస్తారు?

అసలు భయం వేరే ఉంది. టమాటా నారు ప్రోట్రేలో 25-30 రోజులకు నాటడానికి వస్తుంది. బుక్ చేసిన రైతు ‘వాన పడ్డాక తీసుకెళ్తా’ అంటాడు. వాన రాదు. ఇంకో రెండు వారాలు ఆగితే కాడ సన్నగా సాగుతుంది, వేర్లు గుంతలోనే చుట్టలు చుట్టుకుంటాయి, కింది ఆకులు పసుపు తిరుగుతాయి. మొయినాబాద్ వైపు ఒక నర్సరీలో అలాంటి ట్రేలను వరసగా పెంటకుప్ప మీద దులపడం చూశాను. ట్రేకు 98 మొక్కలు, లెక్కేసుకోండి. నారుకుళ్లు తెగులు పట్టిందంటే అంత టైమూ ఇవ్వదు.

అందుకే ముందు అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చు లక్షన్నర, రెండు విడతల పెట్టుబడి 60 వేలు, మొత్తం 2 లక్షల 10 వేలు. చేతిలో ఉన్న 40 వేలు కదపకుండా ఆ మిగులు 10 వేలూ నెలనెలా దాస్తే 17 నెలలు. విసుగ్గానే ఉంటుంది, నాకు తెలుసు. ఇది పొదుపు ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లోనో ఉండాలి. చిట్టీలో మాత్రం వద్దు.

రైతు చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చే రైతుబీమా పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లకే, కౌలుదారుకు రాదు. కాబట్టి టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి. ఆరోగ్యశ్రీ మీకు వర్తిస్తుందో లేదో కనుక్కోండి, వర్తించకపోతే ఆరోగ్య బీమా చూసుకోండి.

పెట్టుబడికి తప్పనిసరైతే కిసాన్ క్రెడిట్ కార్డు కోసం బ్యాంకులో అడగండి. వ్యాపారం పెంచాలంటే మడుల్లోని నారును మెల్లగా ట్రేలలోకి మార్చండి: మడిలో పీకితే వేర్లు తెగుతాయి, ట్రేలో కొబ్బరిపొట్టుతో సహా ఊడివస్తుంది, రైతుకు నాటాక చచ్చేవి తక్కువ. చుట్టూ తెల్లదోమ దూరని సన్న వల కట్టండి. మన ఏప్రిల్, మే ఎండలకు పాలీహౌస్ లోపల వేడి తగ్గించడమే ఒక ఖర్చు.

ఆ తెలిసినాయనకు ఈ వారమే ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పేయండి.