నోరు లేని పురుగు గురించి రాసేటప్పుడు

ప్రియమైన తమ్ముడికి,

కీచురాళ్ల, గొల్లభామల (ప్రేయింగ్ మాంటిస్) కడుపులో పెరిగి, అవి నీళ్లలో దూకినప్పుడు బయటికొచ్చే గుర్రపు వెంట్రుక పురుగు మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మంచి విషయం పట్టుకున్నావు. కానీ మొదటి పేరాలోనే ‘జాంబీ’ అన్నావు, రెండో పేరాలో ‘రాక్షసి’ అన్నావు. అసలు పురుగు ఎలా ఉంటుందో మాత్రం చివరిదాకా చదివినా తెలియలేదు. ముందు ఒళ్ళు చూపించు. జలదరింపు దానంతట అదే వస్తుంది.

సన్నగా, గోధుమ రంగులో ఉంటుంది. మందం మూడు మిల్లీమీటర్లు దాటడం అరుదు, పొడవు మాత్రం కొన్నిట్లో మీటరు దాకా పోతుంది. వీటిలో గోర్డియస్ అనే రకాల్లో తల కొస లేత రంగు, దాని వెనకే నల్లటి పట్టీ, మగదాని తోక రెండుగా చీలి ఉంటుంది. పైన క్యూటికిల్ అనే గట్టి పొర, దాని కింద పలచటి చర్మం, ఆ కింద నిలువు కండరాలు. ఒంటిని అడ్డంగా చుట్టే కండరాలు అసలు లేవు. అందుకే వానపాములా సాగుతూ ముడుచుకుంటూ పాకలేదు, మెలికలు తిరుగుతూ కొట్టుకుంటుంది.

ఇక లోపలి సంగతి. నీ వ్యాసంలో లేనిది ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. ఎదిగిన పురుగు నోటితో తినదు. పేగు ఉన్నా అది తిండి అరిగించుకోవడానికి కాదు. రక్తనాళాలు లేవు, ఊపిరి తీసుకునే అవయవాలు లేవు. ఒంట్లో చాలా భాగం గుడ్లో, వీర్యకణాలో. గొల్లభామ కడుపులో ఉన్నన్నాళ్లూ దాని పోషకాలను చర్మం గుండానే పీల్చుకుంటుంది. నీళ్లలోకి వచ్చాక ఇక తిండే లేదు. జత కట్టడం, పోగుల్లా గుడ్లు పెట్టడం, చచ్చిపోవడం, అంతే.

గుడ్డులోంచి వచ్చే లార్వా కంటికి ఆనదు. తల చుట్టూ మూడు వరసల కొక్కేలు, మధ్యలో సూదులున్న తొండం. నీళ్లలో పెరిగే పురుగుల పిల్లల్లోకి దూరి, తిత్తి కట్టుకుని ఆగిపోతుంది. ఆ పురుగుకి రెక్కలొచ్చి గట్టుకు చేరాక, కీచురాయో గొల్లభామో తింటే దీని బతుకు ముందుకు సాగుతుంది. గట్టెక్కడానికి ఇంకొకరి రెక్కలు కావాలన్న ఈ ముక్కని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఇక్కడ ఆగి రాయి.

‘మెదడును హైజాక్ చేస్తుంది’ అన్నచోట మాత్రం జాగ్రత్త. పురుగు సోకిన కీచురాళ్ల మీద ఫ్రాన్స్‌లో చేసిన పరిశోధన 2002లో వచ్చింది. అవి దూరం నుంచి నీళ్లను పసిగట్టి పోతున్నట్టు వాళ్లకు కనిపించలేదు. అడ్డదిడ్డంగా తిరిగి, నీళ్ల అంచుకు చేరాక దూకాయి. జపాన్‌లో 2021లో పురుగు సోకిన గొల్లభామల మీద వచ్చిన పరిశోధన, నీటి మీద మెరిసే పోలరైజ్డ్ కాంతికి (ఒకే దిశలో కంపించే వెలుగుకి) అవి ఆకర్షితమవుతాయని చూపింది. 2023లో కార్డోడెస్ అనే రకం గుర్రపు వెంట్రుక పురుగులో గొల్లభామ జన్యువుల్ని పోలినవి 1,400కు పైగా దొరికాయి. అవి గొల్లభామ నుంచే వచ్చి ఉంటాయని, దాన్ని లోబరుచుకోవడానికి పనికొస్తుండవచ్చని శాస్త్రవేత్తల అంచనా. అంచనాను అంచనాగానే రాయి. తేలిపోయినట్టు రాస్తే చదివేవాడిని మోసం చేసినట్టే.

ఇది మనుషుల్లో బతకదన్న మాట మొదట్లోనే పెట్టు. తొట్టి నీళ్లలో కనబడితే జనం హడలిపోతారు.

జపాన్ వాగు సంగతి ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. అక్కడ ఒక చిన్న వాగులో ట్రౌట్ చేపలకు ఏడాది మొత్తంలో అందే శక్తిలో దాదాపు 60 శాతం, ఈ పురుగు సోకి నీళ్లలో పడే కీచురాళ్ల జాతి పురుగుల నుంచే వస్తోందని 2011లో లెక్కగట్టారు. తర్వాత ఆ కీచురాళ్లు నీళ్లలో పడకుండా అడ్డుకుని చూస్తే, చేపలు వాగులో ఉండే పురుగుల మీద పడ్డాయి. నాచు తినే ఆ పురుగులు తగ్గాక రాళ్ల మీద నాచు పెరిగింది.

దాన్ని కనీసం ఒక పేజీ రాసి, తోక చీలిక కనిపించేలా ఒక గీత బొమ్మతో కలిపి పంపు. వచ్చే వారం చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య