43 సీట్ల పార్టీ దిగిపోయి, 41 సీట్ల పార్టీ ఎలా గద్దెనెక్కింది?

ఎక్కువ సీట్లు వచ్చినవాళ్లదే ప్రభుత్వం అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఈ ప్రశ్న కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2017లో జరిగిన ఎన్నికల గురించి. అక్కడ మొత్తం 87 సీట్లు, మెజారిటీకి 44. అప్పటి అధికార పక్షం లిబరల్స్‌కు 43, ఎన్‌డీపీకి (న్యూ డెమొక్రటిక్ పార్టీ) 41, గ్రీన్స్‌కు (గ్రీన్ పార్టీ) 3 వచ్చాయి. ఇక వరుసగా చూడండి.

1. మే 9న పోలింగ్. ఆ రాత్రి కోర్ట్నీ-కోమాక్స్ నియోజకవర్గంలో ఎన్‌డీపీ ఆధిక్యం కేవలం 9 ఓట్లు. ఆ ఒక్క సీటు చేజారి ఉంటే లిబరల్స్‌కు 44 వచ్చి కథ అక్కడితో ముగిసేది.

2. మే నెలాఖరులో గ్రీన్స్ ఎన్‌డీపీతో ఒప్పందం చేసుకున్నారు. విశ్వాస ఓటులో, బడ్జెట్‌లో మద్దతిస్తారు, మంత్రి పదవులు మాత్రం తీసుకోరు. కాబట్టి దీన్ని సంకీర్ణం అనకూడదు.

3. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఫలితాలు రాగానే పాత ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) దిగిపోవాలని రూలేమీ లేదు. సభలో బలం తేల్చుకునే హక్కు ముందు ఆ ప్రీమియర్‌కే ఉంటుంది. అప్పటి లిబరల్ ప్రీమియర్ క్రిస్టీ క్లార్క్ అదే చేసి, జూన్ 29న 44-42తో ఓడారు. 43 కాస్తా 42 ఎందుకయిందంటారా? స్పీకర్ లిబరల్ సభ్యుడే. ఓట్లు సమానమైతే తప్ప స్పీకర్ ఓటు వేయరు. ఈ ఒక్కటి తీసేసి లెక్కేయండి, సరిపోతుంది.

4. క్లార్క్ మళ్లీ ఎన్నికలు కోరారు. లెఫ్టినెంట్ గవర్నర్ (మన రాష్ట్ర గవర్నర్ లాంటి పదవి) జుడిత్ గిషాన్ ఒప్పుకోలేదు, ఎన్‌డీపీ నేత జాన్ హోర్గన్‌ను పిలిచారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం: సభలో 44 మంది మద్దతు ఆయనకు కళ్లముందే ఉంది. జూలై 18న ప్రమాణ స్వీకారం జరిగింది.