చెక్ రిపబ్లిక్‌లోని లెడ్నిట్సె కోటలో ఆ చెక్క మెట్లు ఎందుకు కనబడలేదంటే

మీరు వేరే టూర్ టికెట్ తీసుకుని ఉంటారు. "టికెట్ కొన్నాం, గదులు చూశాం, లైబ్రరీలోని చెక్క మెట్లు మాత్రం చూపించలేదు" అన్నారు కదా. అక్కడ కోట మొత్తానికి ఒకే టికెట్ ఉండదు. ఒక్కో భాగానికి విడి టికెట్. దర్బారు హాళ్ళ లాంటి టూర్లకైతే విడి టైమ్, గైడ్ వెంటే వెళ్ళాలి.

1. చాలామంది మర్చిపోయేది ఇదే: కౌంటర్లో "కోటకి రెండు టికెట్లు" అనకండి, టూర్ పేరు చెప్పండి. మెట్లు ఉన్నది "రెప్రెజెంటాచ్ని సాలి", అంటే దర్బారు హాళ్ళ టూర్లో. ఓక్ చెక్కలో ఆ చెక్కడం చూడటానికే మళ్ళీ వెళ్ళొచ్చు, నిజంగా! టికెట్ మీద టైమ్ అక్కడే సరిచూసుకోండి. టూర్ చెక్ భాషలో అయితే ఇంగ్లీషులో వివరాలు రాసిన కాగితం అడగండి.

2. మీ టైమ్ వచ్చేదాకా పార్కులో తిరగండి, దానికి టికెట్ లేదు.

3. పార్కు చివరి మినార్‌కి మళ్ళీ వేరే టికెట్. 60 మీటర్ల ఎత్తు, 302 మెట్లు. టూర్ అయ్యాకే ఎక్కండి, లేదంటే టైమ్ టెన్షన్.

4. సోమవారం వద్దు. చెక్ కోటలు చాలావరకు ఆ రోజు మూసే ఉంటాయి.

ప్రాగ్ నుంచైతే కోటకి దగ్గర్లోని బ్ర్జెత్స్లావ్ పట్టణం దాకా రైలు, సుమారు 3 గంటలు. అక్కడి నుంచి బస్సు.