ఆమోసు 4: ఇన్ని దెబ్బలు ఎందుకు?

ఆమోసు బైబిల్ పాత నిబంధనలోని ప్రవక్త. ఆయన గ్రంథం 4వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలు ప్రజల మీదికి తాను పంపిన కరువులాంటి దెబ్బల్ని వరసగా చెబుతాడు. అవి చదివి "ఇదంతా కోపమేనా?" అని అడిగారు. మీరు 6 నుంచి 11 వచనాలను శిక్షల జాబితాగా చదివారు. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది అందుకే.

1. పెన్సిల్ తీసుకుని ప్రతి దెబ్బ చివరున్న మాట కింద గీత గీయండి: "మీరు నాతట్టు తిరిగినవారు కారు". 6, 8, 9, 10, 11 వచనాల్లో మొత్తం ఐదుసార్లు వస్తుంది. చాలామంది దాటేసేది దీన్నే. హీబ్రూలో ఆ క్రియ "షూబ్", అంటే వెనక్కి మళ్లడం. 6లో "దంతశుద్ధి" అంటే నమలడానికి మెతుకు లేక పళ్లు శుభ్రంగా మిగిలిపోవడం. అంత కరువు తర్వాత కూడా దేవుడు చూసింది ఒక్కటే, వీళ్లు మళ్లారా అని. ఎన్నిసార్లు చదివినా నాకక్కడ గుమ్మంలో ఎదురుచూసే తండ్రే కనిపిస్తాడు.

2. దేన్నుంచి మళ్లాలి? 2:6 చూడండి. చెప్పుల జత కోసం పేదవాణ్ణి అమ్మేశారు.

3. తర్వాత 7:1-6. ఆమోసు దర్శనంలో చూసిన శిక్షలు: మిడతలు, ఆ తర్వాత అగ్ని. "యాకోబు చిన్నవాడు, ఎలా నిలుస్తాడు?" అని ఇశ్రాయేలు జనం కోసం (యాకోబు అంటే ఇక్కడ వాళ్లే) ఆమోసు బతిమాలితే రెండుసార్లూ దేవుడు ఆపేశాడు. శిక్షించడమే గమ్యమైతే ఎందుకు ఆపుతాడు?

చివరికి వాళ్లు మళ్లలేదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో వాళ్ల రాజధాని సమరయ అష్షూరు సామ్రాజ్యం చేతిలో పడింది. ఆ నష్టాన్ని తేలిక చేయకండి. పడిపోయిన దావీదు గుడారాన్ని తిరిగి లేపుతానని 9:11లో దేవుడు ఇచ్చిన మాట కూడా దాని పక్కనే పెట్టి చదవండి.

ఒక్క జాగ్రత్త. జబ్బుతో బాధపడుతున్న వాళ్ల మీద ఈ అధ్యాయాన్ని దయచేసి ప్రయోగించకండి. ఆమోసు మాట్లాడింది బీదల్ని నలగ్గొట్టిన సమరయ ధనికులతో.