చోడిపిండి కేక్ ఇటుకలా వస్తోందా? కుక్కర్లో మెత్తగా రావాలంటే, అందులో కాల్షియం ఎంతంటే

మీరు అడిగినవి రెండు. మైదా మానేసి మొత్తం చోడిపిండి (రాగిపిండి)తో కుక్కర్లో చేస్తే కేక్ అంచులు గట్టిపడి, మధ్యలో పచ్చిగా ఉండి, కోస్తే పొడిపొడిగా రాలిపోతోంది, ఎందుకని? కాల్షియం కోసం పిల్లలకి రోజూ పెట్టొచ్చా అని రెండోది. ముందు కేక్ సంగతి చూద్దాం.

చోళ్ళలో గ్లూటెన్ ఉండదు. గోధుమపిండి తడిపితే సాగేది, లోపల పుట్టిన గాలిని పట్టి ఉంచేది ఆ గ్లూటెనే. అది లేకపోతే కేక్ పొంగినట్టే పొంగి కూలబడుతుంది. గుడ్లు వేసేవాళ్ళకి కొంత నయం. గుడ్డు వద్దనుకుంటే మాత్రం అంతా చోడిపిండే అన్న పంతం వదిలేసి, సగానికి సగం గోధుమపిండి కలపండి. మైదా అవసరం ఉండదు.

ఏడంగుళాల గిన్నెకి చోడిపిండి 90 గ్రాములు, గోధుమపిండి 90 గ్రాములు, బెల్లం 130, పెరుగు 180, నూనె 80 మి.లీ., పాలు 60 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. చెంచా అంటే 5 మి.లీ. కొలత చెంచా, అదీ తలకొట్టి. పిండిని కప్పులతో కాకుండా త్రాసుతో తూయండి. అదిమి నింపిన కప్పుకీ వదులుగా నింపిన కప్పుకీ పాతిక గ్రాముల తేడా తేలిగ్గా వస్తుంది, కేక్ పిడచ కట్టడానికి అంత చాలు.

చాలామంది వదిలేసే మెట్టు నానబెట్టడం. చోడిపిండిలో పొట్టు ఎక్కువ, నీళ్ళు నెమ్మదిగా పీల్చుకుంటుంది. దాన్ని ఒక్కదాన్నే పెరుగులో కలిపి అరగంట ఉంచండి. నానకుండా వేడి తగిలితే పొయ్యి మీదే తడంతా లాగేసుకుంటుంది. నోటికి ఇసుకలా తగలడం, రాలిపోవడం అందుకే.

అనకాపల్లి బెల్లమైనా సరే, రెండు మూడు చెంచాల నీళ్ళలో కరిగించి వడకట్టాలి, నలుసులుంటాయి. పూర్తిగా చల్లారాకే పెరుగులో పోయండి. మన విశాఖ గాలికి వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లి ఉంటుంది కాబట్టి అప్పుడు పాలు ఒక చెంచా తగ్గించండి. ఇదే చెమ్మ బేకింగ్ పౌడర్‌నీ చంపేస్తుంది. పెద్ద డబ్బా కొనొద్దు. కొత్తదైనా వేడినీళ్ళలో అర చెంచా వేసి చూడండి, బుసబుసా పొంగకపోతే పారేయడమే.

సోడా, బేకింగ్ పౌడర్ గోధుమపిండిలో కలిపి జల్లించి చివరగా వేయాలి. పెరుగు పులుపు తగలగానే సోడా పని మొదలుపెడుతుంది, కాబట్టి కలిపిన వెంటనే పొయ్యి మీదికి వెళ్ళిపోవాలి. పిండి కనబడకుండా కలిస్తే చాలు, ఇంకా తిప్పితే గోధుమ సాగి కేక్ బిరుసెక్కుతుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

కుక్కర్లో రబ్బరు, విజిల్ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. అడుగున అంగుళం మందం ఉప్పు, దానిమీద స్టాండు. పది నిమిషాలు మధ్యరకం మంట మీద వేడెక్కాక గిన్నె పెట్టి, మంట బాగా తగ్గించి 45–50 నిమిషాలు ఉంచండి. మొదటి అరగంట మూత తీయొద్దు. అంచులు గట్టిగా, నడుమ పచ్చిగా వచ్చిందంటే మంట ఎక్కువైనట్టు, లేదా గిన్నె ఇరుకుగా లోతుగా ఉన్నట్టు. రోజూ పప్పు ఉడికించే కుక్కర్ కంటే మూత బిగువుగా పట్టే పాత దళసరి గిన్నె మేలు, నీళ్ళు లేకుండా గంటసేపు కాగితే అల్యూమినియం అడుగు వంగొచ్చు. ఒవెన్ అయితే 170 డిగ్రీలు, 35–40 నిమిషాలు. రంగు చూసి ఉడికిందనుకోవద్దు, చోడి, బెల్లం రెండూ ముందే నలుపు. పుల్ల గుచ్చి చూడాల్సిందే. గంట చల్లారాకే కోయండి, వేడిమీద కోస్తే బాగా వచ్చిన కేకూ రాలుతుంది.

ఇక కాల్షియం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో సుమారు 364 మిల్లీగ్రాములు, గోధుమపిండిలో 31, మైదాలో 20. తేడా నిజమే. కానీ ఈ కేక్‌ని పది ముక్కలు చేస్తే ముక్కకి వచ్చే చోడిపిండి 9 గ్రాములు, అంటే 33 మిల్లీగ్రాములు. దాంతోపాటే 13 గ్రాముల బెల్లం, ఏడు గ్రాముల పైచిలుకు నూనె. అదే 40 గ్రాముల పిండితో కాచిన గ్లాసు అంబలిలో 145 దాకా ఉంటుంది, మజ్జిగ కలిపితే ఇంకా ఎక్కువ. కాబట్టి కాల్షియం కోసమైతే రోజూ అంబలే ఇవ్వండి, కేక్ వారానికోసారి సరదాకి. బెల్లం కూడా చక్కెర కిందే లెక్క, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి "బెల్లంతో చేశాం, పర్లేదు" అని పెట్టకండి.

మొలకెత్తించి ఆడించిన పిండి అంబలికి మంచిదే, ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్ మొలకలొస్తే తగ్గుతుంది. కేక్‌కి మాత్రం వద్దు. మొలకల్లో తయారయ్యే ఎంజైము పిండి పదార్థాన్ని కరిగించేస్తుంది, నడుమ జిగురుజిగురుగా ఉండిపోతుంది. మీరు రైతుబజారులో కొన్నది మొలకల పిండేమో ఒకసారి అడిగి చూడండి, పచ్చిదనానికి అదీ కారణం కావచ్చు.

పెరుగు, బెల్లం పడ్డ కేక్ ఈ ఉక్కలో బయట ఒక్కరోజే ఆగుతుంది. తర్వాత మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు. గట్టిపడ్డ ముక్కని ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పెడితే మళ్ళీ మెత్తబడుతుంది.