కమ్మరి కొలిమిలో ఏ బొగ్గు?: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ధాత కరువు నాటి అనంతపురం పల్లెలో ఒక కమ్మరి ఇంటి ఆకలిని నువ్వు చెప్పిన తీరు నచ్చింది గానీ, మూడో పుటలో అతడు కొలిమిలోకి సింగరేణి రాక్షసి బొగ్గు ఎత్తిపోస్తుంటే నాకు చదువు ముందుకు సాగలేదు. ఆ కరువు 1876–78 నాటిది. ఇల్లందు దగ్గర ఈ సింగరేణి బొగ్గు ఉన్న సంగతి 1871లోనే బయటపడినా, తవ్వకం మొదలైంది 1889లో. మరోచోట అతడు ఊరి చివరి సర్కారు తుమ్మ నరికి బొగ్గు కాల్చుకున్నాడని రాశావు. ఆ చెట్టు విత్తనాలు విదేశం నుంచి వచ్చి కడప జిల్లా కమలాపురం వైపు మొలకెత్తడం కూడా 1870ల చివరి మాటే. ఇప్పుడు ఏ బీడు చూసినా అదే కనబడుతుంది కాబట్టి తాతల నాటి నుంచీ ఉన్నదనుకోవడం సహజం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నీ కమ్మరికి దక్కేది నల్ల తుమ్మ, చండ్ర వంటి చేవ గల కట్టెతో కాల్చిన బొగ్గే. కట్టెను నేరుగా కొలిమిలో వేస్తే అందులోని తడి, పొగ కలిసి వేడిని తినేస్తాయి. అదే కట్టెను పేర్చి, మట్టి కప్పి, గాలి చాలనివ్వకుండా కాలిస్తే ఆ రెండూ ముందే పోతాయి. అయితే ఐదు మణుగుల కట్టె కాలిస్తే చేతికి వచ్చేది సుమారు ఒక మణుగు బొగ్గు. కరువులో ఆ తుమ్మ కొమ్మ మేకల మేతకా, కొలిమికా అన్న తగువు నీ కథలో రావలసిన చోటు అదే.

బొగ్గు ఎంచుకోవడం గురించి నువ్వు ఒక్క వాక్యమూ రాయలేదు. మా ఊరి కమ్మరి పెద్దాయన గోతాం విప్పగానే రెండు ముక్కలు తీసి, ఒకదానితో ఒకటి తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. ఖంగుమంటే తీసుకునేవాడు, మొద్దుగా పలికితే తడిసిందనో సరిగా కాలలేదనో పక్కన పెట్టేవాడు. తర్వాత ఒక ముక్క విరిచేవాడు. లోపల నల్లగా మెరిస్తే సరే. గోధుమ రంగు కనబడితే అది బొగ్గు కాదు, కొరకంచు. ముక్క నిమ్మకాయంత ఉండాలనేవాడు, ఎందుకంటే మరీ పెద్దవైతే తిత్తి గాలి సందుల్లోంచి ఊరికే పోతుంది, పొడి ఎక్కువైతే ఆ గాలికి దారే ఉండదు. ఇదంతా కళ్లారా చూసిన నేను, పట్నంలో పెరటి కొలిమికని తూకానికి కొన్న గోతాంలో సగం పొడి, సగం తడి. ఆ సాయంత్రమంతా టపటపా పేలడమే తప్ప కొడవలి మొన ఎర్రబడలేదు.

కథను తర్వాతి కాలానికి జరిపితే రాక్షసి బొగ్గు వేయించవచ్చు గానీ, అప్పుడు పనితనమూ మారుతుంది. సింగరేణి బొగ్గు కోక్ (గాలి తగలకుండా కాల్చి పొగ పోగొట్టిన రాక్షసి బొగ్గు) కట్టే రకం కాదు, బూడిద ఎక్కువ. కాలేకొద్దీ ఆ బూడిద కరిగి చిట్టెంలా గడ్డకట్టి గాలి దారిని మూసేస్తుంటే దాన్ని మాటిమాటికీ లాగి పారేయాలి. అందులోని గంధకం ఇనుముకు ఎక్కితే కాగిన ఇనుము సమ్మెట కింద పగులుతుంది, అతుకు పట్టదు. అందుకే కొత్త బొగ్గును మంట అంచున ఉంచి, పొగ పోయాకే నడిమికి తోస్తారు. ఝార్ఖండ్‌లోని ఝరియా గనుల బొగ్గుతో చేసిన కోక్‌కు ఈ పొగ బాధ లేదు, కానీ అంటుకోవడం కష్టం, గాలి ఆగితే ఆరిపోతుంది. నీ కథలో తిత్తి లాగేది భార్య. ఆమె బిడ్డకు పాలివ్వడానికి లేచిన కాసేపట్లో కర్రబొగ్గు కణకణలాడుతూనే ఉంటుంది, కోక్ మాత్రం నల్లబడుతుంది.

ఇంకొక చిన్న విషయం. కర్రబొగ్గు మంటలో గాలి కొట్టినప్పుడల్లా రవ్వలు ఎగిరిపడతాయి. అతడి ముంజేతుల మీది చుక్కల్లాంటి మచ్చలు సమ్మెట దెబ్బలని రాశావు, అవి ఆ రవ్వలవి.

మూడో పుట మార్చి పంపు. ఆ మణుగు బొగ్గు ఎవరి దగ్గర తెచ్చుకున్నాడో, బదులుగా ఏ పనిముట్టు చేసిచ్చాడో అందులో ఉండాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి