మరుగునపడిన పార్టీల చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

కాలేజీకి ఏడాది సెలవు పెట్టి, మన దేశపు ఎన్నికల్లో పోటీచేసి కనుమరుగైన పార్టీల మీద పుస్తకం రాయడానికి పూనుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. ఈ పనికి మన ఇంటి పిల్ల పూనుకుందని గర్వపడుతూనే, జీతం లేకుండా ఏడాది ఎలా నెట్టుకొస్తావోనని బెంగ పెట్టుకున్నాను. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నలభై ఏళ్ళు రాజనీతిశాస్త్రం పాఠం చెప్పినవాడిగా ఈ దారిలో గుంతలు ఎక్కడున్నాయో నాకు కొంత తెలుసు కాబట్టి, అవి నీకు ముందే చెప్పాలని రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఎన్నికల సంఘం ప్రతి సార్వత్రిక ఎన్నిక తరువాత ప్రచురించిన గణాంక నివేదికలను ఇప్పుడు ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్ళు. ఒకే పత్రికను నమ్ముకోకు, ఒకే సభ గురించి విశాలాంధ్ర ఒకలా, ఆంధ్రపత్రిక మరొకలా రాసి ఉంటాయి. ఎత్తి రాసుకున్న ప్రతి కాగితం మీద తేదీ, పుట సంఖ్య అక్కడికక్కడే వేసుకో.

ఇక నన్ను భయపెట్టే సంగతికి వస్తాను. చాలా ఏళ్ళ క్రితం మా విశ్వవిద్యాలయంలో ఒక కుర్రవాడు రైతు పార్టీల మీద పరిశోధన చేశాడు. చురుకైనవాడు, రాత్రింబవళ్ళు గ్రంథాలయంలోనే ఉండేవాడు. 1977 లోక్‌సభ ఎన్నికల అధికారిక నివేదిక తెరిచి చూస్తే, అందులో భారతీయ లోక్‌దళ్ గెలిచిన స్థానాలు 295 అని ఉంది. జనతా పార్టీ అనే వరుసే లేదు. చరణ్‌సింగ్ గారి పార్టీ దేశాన్ని ఊడ్చేసిందనీ, ఉత్తరాది జాట్ రైతుల పార్టీ దక్షిణాదికి కూడా పాకిందనీ ఒక అధ్యాయమంతా రాశాడు. పాకడానికి కారణాలు కూడా వెతికి, పంటల ధరలతో, నీటిపారుదల లెక్కలతో ముడిపెట్టాడు. చదివినవారికి నిజమేననిపించేంత బాగా రాశాడు.

జరిగింది వేరు. ఇందిరాగాంధీ గారు 1977 జనవరి 18న ఎన్నికలు ప్రకటించారు. జనవరి 23న సంస్థా కాంగ్రెస్ (1969 చీలికలో ఇందిరాగాంధీ గారికి ఎదురు నిలిచిన వర్గం), జనసంఘ్, భారతీయ లోక్‌దళ్, సోషలిస్టు పార్టీ కలిసి జనతా పార్టీగా ప్రజల ముందుకు వచ్చాయి. మార్చిలోనే పోలింగ్. కొత్త పార్టీకి గుర్తింపూ గుర్తూ తెచ్చుకునే వ్యవధి లేక, దాదాపు దేశమంతటా లోక్‌దళ్‌కు ఉన్న చక్రంలో నాగలి రైతు గుర్తు మీదనే జనతా అభ్యర్థులు పోటీచేశారు, తమిళనాడులో మాత్రం సంస్థా కాంగ్రెస్ గుర్తు వాడుకున్నారు. నాలుగు పార్టీలూ లాంఛనంగా విలీనమైంది మే 1న, అంటే మొరార్జీ దేశాయి గారు ప్రధాని అయిన తరువాత. ఎన్నికల సంఘం తన రికార్డులో గుర్తు ఎవరిదైతే ఆ పార్టీ పేరే రాసింది, అందులో దాని తప్పేమీ లేదు. ఆ పట్టికను చరిత్ర అనుకోవడంలోనే తప్పు జరిగింది.

మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన సిద్ధాంత గ్రంథమంతా పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగారు: "నీలం సంజీవరెడ్డి గారు ఏ సంవత్సరంలో లోక్‌దళ్‌లో చేరారు బాబూ?" ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెసుకు 41 పోగా, మిగిలిన ఒక్క నంద్యాలలో గెలిచింది సంజీవరెడ్డి గారు. పట్టికలో ఆయన పేరు పక్కన భారతీయ లోక్‌దళ్ అనే ఉంటుంది. బతుకంతా కాంగ్రెసులో గడిపి, ఆ పార్టీ చీలిక నాటి రాష్ట్రపతి ఎన్నికలో ఓడి, ఊరికి వెళ్ళి వ్యవసాయం చేసుకుని తిరిగి వచ్చిన మనిషి ఆయన. ఆ కుర్రవాడికి ఆ కథంతా తెలుసు. తెలిసి కూడా, అచ్చులో ఉన్న అంకె ముందు తనకు తెలిసినదాన్ని నమ్మలేదు. తిరగరాయమన్నారు. అతడు తిరగరాయలేదు, బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ గ్రంథంలో రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు పెట్టిన కృషికార్ లోక్ పార్టీ మీద అతడు రాసిన భాగం ఎంతో మంచిది, దాన్ని ఎవరూ అచ్చువేయలేదు. ఇన్నేళ్ళయినా నేను దాని గురించి బాధపడుతూనే ఉన్నాను. నీ దగ్గరకు ఎవరైనా అలాంటి ప్రశ్నతో వచ్చేలోగా నువ్వే ఆ ప్రశ్న వేసుకోవాలి: ఈ పట్టికలో ఈ పార్టీ పేరుతో ఉన్న ఈ మనిషి నిన్న ఎక్కడున్నాడు, రేపు ఎక్కడికి వెళ్ళాడు? ప్రతి పేరుకూ అడుగు తల్లీ, విసుగొచ్చినా అడుగు.

ఎందుకంటే మన దేశంలో చాలా పార్టీలు ఓడిపోయి మాయం కాలేదు, మరో పార్టీలోకి వెళ్ళిపోయాయి. రంగా గారినే చూడు. 1951లో కాంగ్రెస్ వదిలి ప్రకాశం గారితో కలిసి నడిచి, ఆయన కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ వైపు వెళ్ళగా తాను విడిగా కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952లో 375 మంది సభ్యుల మద్రాసు శాసనసభలో ప్రకాశం గారి పార్టీకి 35, రంగా గారి పార్టీకి 15 స్థానాలు దక్కాయి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక వచ్చిన 1955 మధ్యంతర ఎన్నికలకు ఇద్దరూ మళ్ళీ కాంగ్రెసుతో కలిశారు. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార వ్యవసాయ తీర్మానం చేశాక రంగా గారు రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. మీ తాతయ్య ఈ దారి మొత్తం ఆయన వెంటే నడిచారు. ఊళ్ళో తాతయ్యను నిలకడలేనివారని అంటుంటే నాకు చిన్నతనంలో సిగ్గుగా ఉండేది. పెద్దయ్యాక అర్థమైంది, ఆయన పట్టుకున్నది ఒకే విషయం: రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలి. ఆ మాట ఏ గుర్తు మీద వినబడితే ఆ గుర్తుకు ఓటేశారు. నీ పుస్తకంలో అలాంటివారిని ఫిరాయింపుదారులని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు కోపం వస్తుంది. పదవి కోసం మారినవాళ్ళు లేరని అనను, ఉన్నచోట రాయి, కానీ ఎవరు ఎందుకు మారారో తెలుసుకున్నాకే రాయి.

ఆ 1955 ఎన్నిక మీద నిదానంగా పనిచెయ్యి. కమ్యూనిస్టులు తుడిచిపెట్టుకుపోయారని ఇప్పటికీ రాస్తుంటారు. 196 స్థానాల్లో వారికి వచ్చినవి 15 మాత్రమే, అది నిజమే. కానీ పోలైన ఓట్లలో వారికి దాదాపు 31 శాతం వచ్చాయి. 1952లో వారికి ఎదురు నిలిచిన ఓట్లు నాలుగైదు పార్టీలుగా చీలి ఉన్నాయి. 1955లో కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి ప్రజా పార్టీ ఒక్కటై 146 స్థానాలు గెలిచాయి. అంతమాత్రాన ఆ ఓట్ల శాతాన్ని 1952తో నేరుగా పోల్చి సంబరపడకు, ఈసారి వారు పోటీచేసిన స్థానాలు కూడా పెరిగాయి. ఎన్నిచోట్ల నిలబడ్డారు, ఎన్ని ఓట్లు వచ్చాయి, ఎన్ని గెలిచారు, ఈ మూడూ పక్కపక్కన లేకుండా ఏ పార్టీ గురించీ ఒక్క వాక్యం రాయవద్దు.

1952 హైదరాబాదు రాష్ట్రం దగ్గరకు వచ్చేసరికి ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కనుక, వారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలిచి 175 మంది శాసనసభలో 42 స్థానాలు గెలిచారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ ఫ్రంట్ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. పైగా అప్పుడు ద్విసభ్య నియోజకవర్గాలుండేవి, ఓటరుకు రెండు ఓట్లు, గెలిచేవారు ఇద్దరు. కరీంనగర్ నుంచి ఫ్రంట్ తరఫున బద్దం ఎల్లారెడ్డి గారు, అంబేడ్కర్ గారి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ గారు ఇద్దరూ లోక్‌సభకు వెళ్ళారు. ఈ పద్ధతి 1961లో రద్దయింది. అది తెలియకపోతే ఓట్ల మొత్తం ఓటర్ల సంఖ్యను ఎందుకు మించిందో అర్థం కాక తికమకపడతావు.

గెలిచి మాయమైన పార్టీలను కూడా వదలకు. ప్రత్యేక తెలంగాణ కోరిన తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో కాంగ్రెసులో విలీనమైంది, ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయి పి.వి. నరసింహారావు గారు వచ్చారు. ఆ పది స్థానాలకు ఓటేసినవారు ఆ విలీనాన్ని ఎలా తీసుకున్నారన్నది ఏ నివేదికలోనూ ఉండదు, నువ్వు వెళ్ళి అడగాలి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విలీనానికి శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మద్దతు కావలసి వచ్చింది కనుక, ఆ తరువాతి పార్టీల ముగింపులకు కాగితాల జాడ ఉంటుంది. అంతకు ముందువాటికి మనుషుల జ్ఞాపకాలే ఆధారం.

అడిగేటప్పుడు పార్టీ పేరుతో అడగకు, గుర్తుతో అడుగు. మొదటి ఎన్నికలో ఓటుపత్రం రూపాయి నోటంత ఉండేది, దాని మీద అభ్యర్థి పేరూ లేదు, గుర్తూ లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. తెర వెనుకకు వెళ్ళి తమకు నచ్చిన గుర్తున్న పెట్టెలో ఆ కాగితం వేసి వచ్చేవారు. అందుకే ఆ తరం నోట పార్టీల పేర్లు రావు, గుడిసె అంటారు, కాడెద్దులంటారు, కంకి కొడవలి అంటారు. 1967లో నేను మొదటిసారి ఓటేసినప్పుడు స్వతంత్ర పార్టీ నక్షత్రం గుర్తు మీద మన రాష్ట్రంలో 29 మంది గెలిచారు. ఆ ఎన్నికలో ఓటేసినవారు ఇప్పటికీ నూటికి కొందరైనా ఉన్నారు. వారిలో ఆడవాళ్ళను ముందు అడుగు. మొదటి ఓటర్ల జాబితాలో ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని చెప్పారే తప్ప సొంత పేరు చెప్పనందుకు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు కొట్టివేశారు. మగవాళ్ళు పక్కన కూర్చుంటే ఇప్పటికీ వాళ్ళ మాటలో సగమే బయటికి వస్తుంది, వీలు చూసుకుని ఒంటరిగా మాట్లాడు.

నాయకుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు నీ ఇంటిపేరు అడుగుతారు, కులం ఆరా తీస్తారు. మా తాతగారి గురించి మంచిగా రాస్తానంటేనే పెట్టె తెరుస్తామంటారు. మాట ఇవ్వకు. కాగితాలు ఇంటికి తెచ్చుకోకు, అక్కడే ఫొటో తీసుకుని వాళ్ళ కళ్ళెదుటే తిరిగి పెట్టేసెయ్యి. పోయిన ఒక్క ఉత్తరం నీ మీద నింద అవుతుంది, తరువాత వచ్చేవాళ్ళకు ఆ గుమ్మం మూసుకుపోతుంది. చీకటిపడ్డాక పల్లెటూళ్ళ నుంచి బస్సెక్కి రావద్దు, ఆ ఊళ్ళోనే ఎవరింట్లోనైనా ఉండిపో. ఈ మాట చాదస్తమనుకున్నా సరే, నా కోసం పాటించు.

డబ్బు విషయంలో మీ నాన్నకు చెప్పకుండా నన్నడుగు. మొదట కృషికార్ లోక్ పార్టీ అధ్యాయం రాయి, ఆధారాలు మన దగ్గరలోనే ఉన్నాయి. చిత్తుప్రతి తయారవగానే నాకు పంపించు, పట్టికలన్నీ నేను ఒకసారి సరిచూస్తాను, నంద్యాల వరుస దగ్గర ఏం రాశావో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న